బీపీ వాళ్ల పచ్చడి

2008లో ఏలూరులోని మా పచ్చళ్ల దుకాణానికి వెబ్‌సైట్ పెట్టించాం. రొయ్యలు, కొరమీనులు కొల్లేరు వైపు నుంచి, మామిడికాయలు కామవరపుకోట నుంచి తెప్పించేవాళ్లం. నేను చదివింది మూడో తరగతి. అందుకే పేజీలో మాటలు రాయడానికి తాడేపల్లిగూడెం నుంచి సుజాత అనే అమ్మాయిని కుదుర్చుకున్నాను.

కీవర్డ్ అంటే ఏమిటో ఆమే చెప్పింది. జనం కంప్యూటర్‌లో ఏ మాట కొట్టి వెతుకుతారో ఆ మాట మన పేజీలో ఉంటే, మన దుకాణం వాళ్లకు కనబడుతుంది. అలాంటివి పది పన్నెండు చాలంది.

"నువ్వు డబ్బులు పేజీకి తీసుకుంటున్నావు, మాటకి కాదుగా. పన్నెండుతో ఆపడం ఎందుకే? జనం ఏం వెతుకుతారో అన్నీ పెట్టు" అన్నాను.

"మనం అమ్మనివి కూడానా మామ్మగారూ?"

"వచ్చాక ఉన్నవి చూసి కొంటారులే."

ఆమె గొణుక్కుంటూనే పేజీ అడుగున ఉప్పు లేని పచ్చళ్లు, బీపీ వాళ్ల పచ్చళ్లు అని చేర్చింది. ఫోన్లు పెరిగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలలకు విశాఖపట్నం నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ రొయ్యల పచ్చడి నేను ఇవాళే నోట్లో పెట్టుకున్నాను, రుచిగానే ఉందండీ. ఉప్పు లేనిదని రాసి, ఇంత ఉప్పగా చేశారేంటండీ?"

"ఉప్పు లేకుండా పచ్చడి నిలవుంటుందా అమ్మా? నాలుగు రోజులకే బూజు పడుతుంది. ఎవరు చెప్పారు నీకు?"

"మీ వెబ్‌సైట్‌లోనే ఉంది కదండీ! మా ఆయనకి బీపీ. డాక్టరుగారు ఉప్పు మానమన్నారు. చప్పిడి కూడు తినలేక పది రోజులుగా రెండు పూటలా ఇదే కలుపుకుంటున్నారు. నిన్నటి నుంచి కాళ్లు వాచాయండీ, ఆయాసం అంటున్నారు."

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. తప్పు మాదేనని, డాక్టరుకు పచ్చడి సంగతి దాచవద్దని చెప్పాను. ఆయన మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. నేను రోజూ ఫోన్ చేశాను. నాలుగో రోజున "ఇంటికొచ్చారండీ. ఇంక మీరు చెయ్యకండి" అని ఆమె పెట్టేసింది. ఆ కోపం న్యాయమే.

మర్నాడు సుజాతను పిలిపించి, పేజీలో ఉన్నదంతా పైకి చదవమన్నాను. ఆమె ఒక మాట చదివితే నేను ఆ జాడీ చూపించాలి. జాడీ లేని మాట కొట్టేయాలి. మూడొంతులు పోయాయి.

"ఇప్పుడు కొత్తగా రాయి: మా పచ్చళ్లన్నిటిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవారు కొనవద్దు."

"అలా రాస్తే ఎవరు కొంటారండీ?"

"కొనకూడనివాళ్లు కొనరు. అడుగున కాదు, పైన రాయి."

ఫోన్లు తగ్గాయి. దుకాణానికి వచ్చినవాళ్లు మన దగ్గర లేనిది అడిగితే, లేదని నోటితో చెబుతాం. కంప్యూటర్‌లో చూసేవాళ్లకు ఆ మాట చెప్పడానికి అక్కడ మనిషి ఉండడు. అది కూడా రాతే చెప్పాలి.