ఇద్దరు చెబితేనే ఖాళీ

మా పక్కింటి ఆంటీ పోయిందని మొన్న బుధవారం పొద్దున తెలిసింది. ఇంట్లోనే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్ చేసి ఫోన్ ఎత్తితే ఆవిడ కూతురు. అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందని, బాధపడలేదని చెప్పింది.  తరవాత గొంతు తగ్గించి, "అమ్మ తుపాకీ బీరువాలో ఉంది. నాకు ముట్టుకోవాలంటే భయం. మీరొచ్చి ఒకసారి చూస్తారా?" అంది.

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాను. ఏడుపు తరవాత వచ్చింది, ముందు వచ్చింది భయమే, దాచడమెందుకు. ఆ తుపాకీని ఆవిడ పక్కన లేకుండా నేను ఏ రోజూ పట్టుకోలేదు. పట్టుకోకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. అది మా ఆయనకి కూడా చెప్పలేదు, ఇవాళ మీకు చెబుతాను.

ఆవిడతో నా పరిచయం తిట్లతో మొదలైంది. అమెరికాలో మేముండే బెంటన్‌విల్ ఊరి చివర, మా ఇళ్ళ వెనకాల నుంచే అడవి మొదలవుతుంది. మేం కొత్తగా వచ్చిన నవంబర్‌లో తెల్ల స్వెటర్ వేసుకుని చెట్ల పక్కన నడుస్తున్నాను. ఒక పాత ట్రక్ నా పక్కన ఆగింది. తల నెరిసిన ఒకావిడ దిగి, చావాలని ఉందా అని అడిగింది. ఇక్కడి జింకలకి తోక కింద తెల్లగా ఉంటుందట. వేట రోజుల్లో చెట్ల మధ్య తెల్లగా ఏది కదిలినా, చూసేవాడికి జింకే కనిపిస్తుందట. తన ఒంటి మీది, మనిషని దూరానికే తెలిసే నారింజ రంగు కోటు విప్పి నాకు తొడిగింది. మా గుమ్మం దాకా ట్రక్‌ని నా వెనకే నడుపుకుంటూ వచ్చింది.

ఆ సీజన్ అంతా వెనక నుంచి తుపాకుల మోత వినబడేది. కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు నా అవస్థ చూసి ఆవిడ, "నీ భయం పోగొట్టడం నావల్ల కాదు. దాన్ని ఎక్కడ వాడాలో చూపిస్తాను," అంది. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది ఆవిడ పోరు పడలేక వేట క్లాసుకి వెళ్ళాను, లైసెన్స్ తెచ్చుకున్నాను. బొద్దింకని చూసి కుర్చీ ఎక్కేదానికి తుపాకీ ఏమిటని మా ఆయన వారం రోజులు నవ్వాడు.

నేను ఆవిడని ఆంటీ అనేదాన్ని. నేను నీకు ఏ వైపు ఆంటీనని మొదట్లో అడిగేది, తరవాత ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టింది. ఆవిడ తెచ్చిన జింక మాంసం గోంగూరలో వండి పెడితే, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మజ్జిగ తాగుతూ గిన్నె ఖాళీ చేసేది. ఖాళీ అనే మాట ఆవిడకి అక్కడే అబ్బింది. గిన్నె చూపించి ఏమంటారు మీరు అని అడిగితే, ఖాళీ అన్నాను.

అడవిలో కంచె దాటాల్సి వస్తే ముందు తుపాకీలో తూటాలు తీసేయాలి. ఆవిడ తీసి, లెక్కపెట్టి చొక్కా జేబులో వేసుకునేది. తూటా పెట్టే చోట చిటికెన వేలు దూర్చి చూసి "కాలీ" అనేది. ఆ 'ఖ' ఆవిడ నోరు ఏనాడూ తిరగలేదు. తరవాత తుపాకీ నా ముందు పెట్టేది. నేనూ కళ్ళతో చూసి, వేలు పెట్టి, ఖాళీ అనాలి. అప్పుడే కంచె దాటడం. మీరు ఇప్పుడే చూశారు కదా అని ఒకసారి విసుక్కున్నాను. "నేను ముసలిదాన్ని, తప్పు చూస్తాను. నువ్వు కుర్రదానివి, తొందరగా చూస్తావు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి," అంది.

మొదటి ఏడాది నా చేతికి తుపాకీ ఇవ్వనే లేదు. చెట్టుకి ఆనుకుని కూర్చోవడం నేర్పింది. ఆ చెట్టు మన భుజాల కంటే వెడల్పుగా ఉండాలి, వెనక నుంచి ఎవడైనా పొరపాటున కాల్చినా మాను అడ్డుపడాలి. అడవిలో ఇంకో మనిషి కనబడితే చెయ్యి ఊపకూడదు, ఆ కదలికే జంతువనిపిస్తుంది, గట్టిగా మాట్లాడాలి. ఇంగ్లీష్ తోచకపోతే నీ భాషలోనే అరువు, టర్కీ కోళ్ళకి తెలుగు రాదని అందరికీ తెలుసు అనేది.

రెండో ఏడాది ఏప్రిల్‌లో టర్కీ వేటకి బయలుదేరాం. తెల్లవారుతోంది. ట్రక్‌లో ఆవిడ నా మొహం కేసి చూసి, ఆ ఎర్ర చుక్క తీసెయ్ అంది. టర్కీ పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం, ఈ దేశపు జెండా రంగులే. ఆ రంగులు ఒంటి మీద ఉండకూడదని ముందే చెప్పింది గాని, బొట్టు నాకు తట్టలేదు. నాకు చిరాకేసింది. మొగుడు ఉన్నదాన్ని, మాలో బొట్టు తీయమనకూడదు ఆంటీ అన్నాను.

"మీ ఆయన కోసమే తీయమంటున్నాను," అంది.

మొహం మాడ్చుకుని స్టిక్కర్ తీసి ట్రక్ అద్దానికి అంటించాను.

ఇద్దరం పక్కపక్క చెట్లకి ఆనుకుని కూర్చున్నాం, ఆవిడ తుపాకీ మొదటిసారి నా చేతిలో ఉంది. ఆవిడ చేతిలో చిన్న చెక్క పెట్టె, మూతని అంచుకి రుద్దితే అచ్చం పెట్టకోడి పిలిచినట్టు కూస్తుంది. ఎక్కడో దూరంగా పుంజు బదులిచ్చింది. అది ఇటే వస్తోందని నమ్మకంగా ఎదురుచూశాను. కాసేపటికి ఎదుటి పొదలో ఎర్రగా కదిలింది.  తుపాకీ ఎత్తాను. పేలకుండా ఆపే సేఫ్టీ మీటని బొటనవేలు ఎప్పుడు తోసేసిందో నాకే తెలియదు.

"ఏం కనబడుతోంది?" ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా వినబడింది.

"ఎరుపు."

"ఎరుపు ఒక రంగు. అది పక్షి కాదు. వేలు బయటికి తియ్."

తీశాను. అప్పుడు ఆవిడ బజార్లో పలకరించినంత గట్టిగా గుడ్ మార్నింగ్ అంది. పొదలోంచి మనిషి గొంతు బదులిచ్చింది. అతనూ వేటకి వచ్చినవాడే, మా పెట్టె కూత విని, పెట్టకోడి అనుకుని పాక్కుంటూ వస్తున్నాడు. చేతిలో ముక్కు తుడుచుకునే ఎర్ర రుమాలు. మొహం పాలిపోయింది. రెండుసార్లు సారీ చెప్పి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సారీ చెప్పాల్సింది నేను.

తూటాలు తీయబోతే చేతుల్లోంచి ఆకుల్లో పడ్డాయి. ఆవిడే వంగి ఏరి లెక్కపెట్టింది. అప్పుడు చెప్పింది, తన భర్త ఇలాంటి ఏప్రిల్ పొద్దున ఎర్ర టోపీ పెట్టుకుని వెళ్ళి, తిరిగి నడిచి రాలేదని. కూతురు అప్పుడు బడికి పోయే పిల్ల. కాల్చినవాడు చెడ్డవాడు కాదు, తొందరపడ్డాడంతే అంది. ఆ తరవాత ఆయన ఎంత కాలం బతికాడో, ఎలా బతికాడో కూడా చెప్పింది. ఆయనంటే భర్త కాదు, కాల్చినవాడు. అది నేను ఇక్కడ రాయలేను.

నాకు తుపాకీ వద్దన్నాను ఆ రోజు. "భయం లేనివాళ్ళకే ఇవ్వను. నువ్వు రావాలి," అంది. ట్రక్ అద్దం మీది బొట్టు ఒలిచి, తనే నా నుదుటన పెట్టింది. కొంచెం పక్కకి పెట్టింది గాని నేను సర్దుకోలేదు. ఆ తరవాత ప్రతి ఏప్రిల్ ఆవిడతో వెళ్ళాను. ఆవిడ లేకుండా తుపాకీ పట్టనని ఒట్టు పెట్టుకున్నది ఆ రోజే.

బుధవారం మధ్యాహ్నం వాళ్ళ గుమ్మం ఎక్కుతూ, అలవాటుగా బొట్టు తీసి ఫోన్ వెనక అంటించానని గమనించాను. అడవికి కాదు కదా వెళ్తున్నది అనుకున్నాను. అయినా మళ్ళీ పెట్టుకోలేదు. కూతురు తాళం నా చేతికిచ్చి గది గుమ్మం బయటే నిలబడింది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదట.

బీరువా తెరిచాను. తుపాకీ గొట్టం గోడవైపు తిప్పి పట్టుకున్నాను. తెరిచి చూశాను. వేలు దూర్చాను. చల్లగా ఉంది, ఏమీ తగల్లేదు. నా కన్ను మీద నాకు నమ్మకం లేదు. మళ్ళీ చూసి "ఖాళీ" అన్నాను.

అని, ఆగిపోయాను. ఎప్పుడూ నా మాటకి జతగా ఉండే ఆవిడ గొంతు లేదు. తుపాకీ అలాగే పట్టుకుని నిలబడ్డాను, కింద పెట్టడానికి చేతులు రావడం లేదు.

ఏమైందని కూతురు అడిగింది. రెండో మనిషి చూసి చెప్పాలి, అది మీ అమ్మ పద్ధతి అన్నాను. చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. తరవాత ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి వచ్చింది. తన చిటికెన వేలు లోపలికి దూర్చింది. ఆ మాట ఏమిటని అడిగితే మళ్ళీ చెప్పాను.

"కాలీ," అంది.