పద్రీనో ఇచ్చిన హిట్

నికనోర్ పొలాంకోకి దేవుడు రెండు పనులిచ్చాడు. రెండూ జనం చేత తిట్లు తినేవే. చెరకు కోతల కాలంలో చక్కెర మిల్లు గేటు దగ్గర బండ్లు తూచేవాడు. తక్కువ తూచాడని కోతవాళ్లు తిట్టేవారు, ఎక్కువ తూచాడని మిల్లు దొరలు గొణిగేవారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కోతలు అయిపోయి మిల్లు మూతపడ్డాక ఆదివారాలు మిల్లు మైదానంలో బేస్‌బాల్ ఆటలకి స్కోరరుగా కూర్చునేవాడు. అక్కడ రెండు జట్ల వాళ్లూ కలిసి తిట్టేవారు.

స్కోరరు పని రాసుకోవడమేగా, అందులో తిట్టడానికేముంది అంటారేమో. రాయడం ఎవడైనా రాస్తాడు. బంతి కొట్టినవాడు మొదటి బేస్ చేరాడంటే, అది వాడి దెబ్బ గొప్పతనమా, పట్టాల్సినవాడి చేతకానితనమా అన్నది తేల్చాలి. అదీ చిక్కు. దెబ్బదే గొప్ప అయితే హిట్, కొట్టినవాడి ఖాతాలో పడుతుంది. పట్టేవాడిదే లోపమైతే తప్పు, కొట్టినవాడికి సున్నా. నికనోర్ కూర్చునే చెక్కగదిలో రెండు మీటలు ఉండేవి. ఒకటి నొక్కితే బోర్డు మీద పచ్చ దీపం వెలిగేది, అంటే హిట్. రెండోది నొక్కితే ఎర్ర దీపం, అంటే తప్పు. ఆ ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా ఎవడో ఒకడు నికనోర్ తల్లిని తలుచుకునేవాడు. పాపం, ఆవిడ పోయి చాలా కాలమైంది.

డెబ్భై నాలుగు వేసవి సంగతి ఇది. మిల్లు మూతపడిన ఆ నెలల్ని అక్కడ చచ్చిన కాలం అంటారు. పొగగొట్టం చల్లారుతుంది, కత్తులు చూరుకి ఎక్కుతాయి, కుండలో పచ్చి అరటికాయలు తప్ప మరొకటి ఉడకదు. మగవాళ్లు పొద్దున్నే డామినో బల్లల చుట్టూ చేరి, చెయ్యడానికి పని లేక ఒకరినొకరు వేపుకు తింటారు. ఆ ఏడాది మాత్రం వాళ్లకి ఒక పని దొరికింది. దామియాన్ లెక్క పెట్టడం.

దామియాన్ ఒలీంపియా కొడుకు, మిల్లు జట్టులో అందరికన్నా కుర్రవాడు. చర్చిలో జ్ఞానస్నానం నాడు వాడిని ఎత్తుకుని నిలబడ్డది నికనోరే. అంటే వాడికి పద్రీనో, తండ్రి తర్వాత తండ్రి. అసలు తండ్రి మిల్లులో చెరకు పిండే రోలర్ల దగ్గర పోయాక, తండ్రి తర్వాత అన్న మాట కూడా అక్కర్లేకపోయింది. ఆ దామియాన్ ఆ వేసవిలో ఆడిన ప్రతి ఆటలోనూ కనీసం ఒక హిట్ కొడుతూ వచ్చాడు. ఆదివారానికి రెండేసి ఆటల చొప్పున ఇరవై తొమ్మిది ఆటలు వరసగా, ఒక్కటి తప్పకుండా. ఈ లీగులో అంతకన్నా పెద్ద వరస ఒక్కటే ఉంది. రేవు పట్నం జట్టులో తియోఫిలో బ్రీతో అనేవాడు యాభైల్లో ముప్ఫై ఆటలు కొట్టాడు. తియోఫిలో పోయాడు, ఆ ముప్ఫై పోలేదు. రేవు వాళ్లు మిల్లు వాళ్లని ఎక్కడ కలిసినా ఆ అంకె ఒకటి మొహాన కొట్టి వెళ్లేవారు.

ముప్ఫయ్యో ఆట రేవు జట్టుతోనే పడింది, మిల్లు మైదానంలోనే. రేకుల కప్పు కింద ఊరంతా ఉంది. దామియాన్ మొదటి మూడుసార్లూ ఉత్త చేతులతో వెనక్కి వచ్చాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో నాలుగోసారి వచ్చాడు. వేరుశనగలు అమ్మేవాడు కూడా అరవడం మానేశాడు.

కొట్టాడు. బంతి నేలబారున, నిదానంగా, రేవు జట్టులో రెండో మూడో బేస్‌ల నడుమ కాపు కాసే షార్ట్‌స్టాప్ కీకో చేతుల్లోకి పోతున్నట్టే పోయింది. పసిపిల్ల పట్టే బంతి అది. కీకో బంతి చేతికి రాకముందే తలెత్తి, పరిగెత్తుతున్న దామియాన్ వైపు చూశాడు. బంతి వాడి గ్లవ్ అడుగు అంచుకి తగిలి పక్కకి పోయింది. దామియాన్ మొదటి బేస్ తొక్కాడు. ఊరు లేచి గంతులేసింది. ట్రంపెట్ ఊదేశారు.

నికనోర్ ఎర్ర దీపం వెలిగించాడు.

ఆ తర్వాత జరిగిన గోల చెప్పనక్కర్లేదు. సీసాలు లేచాయి. "తూకం రాయి మింగావా, దోన్ నికనోర్!" అని ఒకడు, "సొంత బిడ్డ గొంతు కోసిన కసాయి!" అని ఇంకొకడు. కీకో మాత్రం తెలివైనవాడు. తన పేరు పక్కన తప్పు పడితే వాడికి మాత్రం ఏం బాగుంటుంది? ఆట ముగిశాక మిల్లు వాళ్లు పోసిన రమ్ము తాగుతూ, "రాయి తగిలిందయ్యా బంతికి. ఎగిరింది. నేనేం చెయ్యను? అది హిట్టే," అన్నాడు. అంతే. ఆ గులకరాయిని చూడనివాడు ఆ సాయంత్రం ఊళ్లో ఒక్కడూ లేడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నికనోర్ ఒక్కడికే కనబడలేదు.

లీగు నియమం ఒకటుంది. స్కోరరు తన తీర్పుని ఆట అయ్యాక ఒక రోజు లోపు మార్చుకోవచ్చు. ఆ నియమం పెట్టినవాడెవడోగానీ, స్కోరరు ఇంటికి తలుపు ఉంటుందని, ఆ తలుపు జనం కొడతారని వాడికి తోచలేదు.

మర్నాడు పొద్దున్న ఒలీంపియా వచ్చింది. పెరట్లో కుర్చీలో కూర్చుంది. నికనోర్ భార్య లుస్ కాఫీ ఇస్తే పక్కన పెట్టింది.

"తాగండి కొమాద్రే, చల్లారిపోతుంది," అన్నాడు నికనోర్. బిడ్డ తల్లీ పద్రీనో ఒకరినొకరు కొమాద్రే, కొంపాద్రే అని పిలుచుకోవడం అక్కడి వరస.

"చల్లారనివ్వండి. మీకో మాట చెప్పి పోతాను కొంపాద్రే. నా బిడ్డని ఆ రోజు మీ చేతుల్లో పెట్టాను. వేరే ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం? వాడు కొట్టింది హిట్ కాదు."

"కీకోనే హిట్ అంటున్నాడు. బంతి పట్టనివాడికి తెలియదా, పైన గదిలో కూర్చున్న మీకు తెలుసా?"

"వాడు తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడమ్మా!"

"కప్పిపుచ్చుకోనీండి! వాడికి మంచిది, నా బిడ్డకి మంచిది, ఊరికి మంచిది. మీ ఒక్కరికే ఏం పోతుందట? వీధిలో పోయేవాడు కూడా ఇచ్చేవాడే ఆ హిట్. పద్రీనో కాబట్టి ఇవ్వలేదు మీరు. మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదని నా బిడ్డని బలి పెట్టారు."

ఈ మాట నికనోర్‌కి తగిలింది. తగలకూడని చోట తగిలింది. ఆవిడ వెళ్లాక లుస్‌ని అడిగాడు, "వేరే ఎవడైనా అయితే నేను పచ్చది వెలిగించేవాణ్ణా?"

"నన్నడుగుతావేం? నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాను," అంది లుస్. "కానీ నికనోర్, ఈ ఊళ్లో నేను నీళ్లకి పోవాలి, రొట్టెకి పోవాలి. నువ్వైతే ఇంట్లో కూర్చుంటావు."

మధ్యాహ్నానికి జట్టు మేనేజరు వచ్చాడు. ఆ తర్వాత ఫాదరు వచ్చాడు, ఊరికే పలకరించి పోదామని. నికనోర్ ముందు రోజు చూసిన బంతినే కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ చూశాడు. చూసిన కొద్దీ కీకో తల ఎత్తడం ఒకసారి బంతి పక్కకి పోకముందు, ఒకసారి పోయాక కనబడసాగింది. నలుగురూ నాలుగు వైపుల నుంచి నెడితే కొండైనా కదులుతుంది, వీడెంత? చీకటి పడేలోపు లీగు ఆఫీసుకి పోయి, తీర్పు మార్చి వచ్చాడు. దారిలో జనం భుజం తట్టారు. ఒలీంపియా కోడిని కోసింది. ఆ రోజంతా అంతమంది అంత మాట్లాడారు గానీ, బంతి కొట్టిన దామియాన్‌ని ఒక్కడూ ఒక్క మాట అడగలేదు.

తర్వాతి ఆదివారం దామియాన్ ఒక్క హిట్టూ కొట్టలేదు. గట్టిగానే కొట్టాడు, కొట్టిన ప్రతిదీ ఎవడో ఒకడి చేతుల్లో పడింది. వరస ముప్ఫై దగ్గర ఆగింది. తియోఫిలో బ్రీతోతో సమానం. సమానమైనా సమానమేగా అని ఊరు ఒక వారం పండగ చేసుకుంది.

ఆ తర్వాత రేవు పట్నంలో కీకో, తాగిన మత్తులో అందరి ముందూ నవ్వాడట. "గులకరాయా? ఏ గులకరాయి? ఆ మైదానం మా అమ్మ పిండి జల్లించినట్టు ఉంటుంది," అని. ఇంకేముంది, రేవు వాళ్లకి విందు భోజనం దొరికింది. "మా తియోఫిలోవి ముప్ఫై హిట్లు. మీవాడివి ఇరవై తొమ్మిది హిట్లూ ఒక పద్రీనో." ఈ మాట బస్సు ఎక్కి మిల్లుకి వచ్చింది. మిల్లు వాళ్లు మొదట కొట్లాడారు, తర్వాత సిగ్గుపడ్డారు, చివరికి వాళ్లే అనడం మొదలుపెట్టారు. తలుపు కొట్టినవాళ్లు, భుజం తట్టినవాళ్లు, కోడి కూర తిన్నవాళ్లు, అందరూ. "అసలు నికనోర్ మొదట ఎర్రదే వెలిగించాడుగా. తర్వాత పద్రీనో బంధం లాగింది," అనేవారు, తమకేమీ తెలియనట్టు. నికనోర్ రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. నిజం చెప్పిన పేరు పోయింది, మేలు చేసిన పేరూ రాలేదు. డామినో బల్ల దగ్గర ఒకసారి లేచి, "మీరే కదరా మార్పించారు!" అని అరిచాడు. "నీకు బుద్ధి లేదా దోన్ నికనోర్, మేమంటే మార్చేస్తావా?" అన్నారు.

మరుసటి ఏడు దామియాన్ బంతి కొట్టి బేస్ చేరినప్పుడల్లా రెండు వైపుల జనమూ ఒకే పాట. "పద్రీనో! పద్రీనో!" కంచెకి తగిలేలా కొట్టినా అదే. దానికి ఏ స్కోరరూ అక్కర్లేదు, గుడ్డివాడైనా హిట్ అంటాడు. అయినా అదే కూత. పైన చెక్కగదిలో నికనోర్ పళ్లు నూరుకుంటూ పచ్చ మీట నొక్కేవాడు, కింద జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఒక శనివారం దామియాన్ ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"పద్రీనో, ఒకటి అడుగుతాను, ఇవ్వాలి."

"అడుగు."

"ఆ ఇరవై తొమ్మిదీ నావి. చెయ్యి కాలి, చీము పట్టినా కట్టు కట్టుకుని ఆడి కొట్టినవి. ముప్ఫయ్యోది మీది. ఇప్పుడు మొత్తం మీవే అంటున్నారు."

"నేను నీ కోసమే రా..."

"తెలుసు. కానీ నన్ను అడిగారా? బంతి బ్యాటు కొసకి తగిలింది. నా చేతులకి అప్పుడే తెలిసింది అది హిట్ కాదని. బేస్ మీద నిలబడి ఎర్ర దీపం చూసి, సరే, పద్రీనో చూశాడులే అనుకున్నాను. నాకేం కోపం రాలేదు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నాడు నికనోర్.

"ఇక మీదట నా బంతి ఏ కాస్త అనుమానంగా ఉన్నా ఎర్రదే వెయ్యండి. హిట్ అయినా సరే. అప్పుడు మిగతావి నమ్ముతారు."

"అది మోసం కాదట్రా? నీ హిట్ నేనే దొంగిలించనా? పోనీ ఆ పని మానేస్తాను, వేరేవాణ్ణి కూర్చోబెట్టుకోమను!"

"మానేస్తే, పట్టుబడి పారిపోయాడంటారు. అప్పుడు ఆ ఇరవై తొమ్మిదీ కూడా పోతాయి. ఉండండి. ఉండి ఇవ్వకండి." టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నికనోర్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరిని తిట్టాలో తెలియక లుస్‌ని తిట్టాడు, ఆవిడ రెండింతలు తిట్టింది.

మర్నాడు రేవు జట్టు వచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో దామియాన్ కొట్టిన బంతి తూటాలా పోయింది. కీకో అడ్డంగా గాల్లోకి దూకాడు. వేలి కొసల్లో గ్లవ్ అంచుకి రాసుకుని బంతి వెనక గడ్డిలోకి పోయింది. ఏ దేశంలోనైనా, ఏ లీగులోనైనా అది హిట్. దాన్ని ముట్టుకున్నందుకే కీకోని మెచ్చుకోవాలి. జనం అప్పుడే "పద్రీ..." అని ఎత్తుకున్నారు.

నికనోర్ చెయ్యి పచ్చ మీట మీదికి పోయింది. అక్కడ ఆగింది. తర్వాత పక్కకి జరిగింది.

ఎర్ర దీపం వెలిగింది. కూత మధ్యలో తెగిపోయింది. ముందు రేవు వాళ్ల వైపు నుంచి ఒకడు చప్పట్లు కొట్టాడు, తర్వాత మిల్లు వాళ్లు లేచారు. "అదీ తూకమంటే, దోన్ నికనోర్! శభాష్!" అని రేకులు అదిరేలా అరిచారు. దామియాన్ మొదటి బేస్ మీద వంగి, ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా ఆ గదిలో కూర్చున్న నికనోర్, తన తీర్పుకి జనం చప్పట్లు కొట్టగా వినడం అదే మొదటిసారి.