వెనక తలుపు దగ్గర గీసిన ర్యాంపు

నేను సేవ చేద్దామని వెళ్ళలేదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకూ తేలిక. ఆర్కిటెక్ట్ లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే పని అనుభవమంతా రాసి చూపించే పుస్తకం ఒకటి నింపాలి. మా ఆఫీసులో నాకు వచ్చేవన్నీ ఈ పరాయి దేశంలో షానన్ అనే ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీ షెడ్లు. షెడ్లు ఎన్ని గీసినా, భవనం వాడే మనుషులతో నేరుగా పనిచేసిన అనుభవం రాయాల్సిన పేజీ మాత్రం ఖాళీగా నన్ను వెక్కిరిస్తూ ఉండేది. "ఏదైనా ఊరి పని ఉచితంగా చెయ్యి. లైసెన్సున్న ఆర్కిటెక్ట్ దగ్గరుండి చూసి సంతకం పెడితే ఆ గంటలు కలుస్తాయి" అన్నాడు మా ఆఫీసు పెద్ద. నాకు కావలసింది ఆ గంటలు, ఆ సంతకం. అంతకు మించి పుణ్యం మీద ఆశ లేదు.

అలా లిమరిక్‌కు అరగంట దూరంలో ఒక చిన్న ఊరి హాలు నా వంతుకొచ్చింది. ముందు గుమ్మానికి మూడు మెట్లు. ఆ మెట్ల వల్ల ఒక పెద్దాయన హాలుకు రావడం మానేశాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ జరిగే పేకాట ఆయన మొదలుపెట్టిందే. పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో పడ్డాక, స్నేహితులు నలుగురూ కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతామన్నారట. "నేను సోఫానా, ఎత్తి పెట్టడానికి?" అని ఇంట్లోనే కూర్చున్నాడు. ఆయన కోసం ఒక ర్యాంపు, అంటే చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారి, కావాలి. అదే నా పని.

నా పనిని చూడాల్సిన ఆర్కిటెక్ట్ డెబ్బై దాటిన ఆవిడ. ఆఫీసు మూసేసినా లైసెన్సు వదలకుండా ఊళ్ళకు ఊరికే పనిచేసి పెట్టేది. కోటు జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు. నేను లాప్‌టాప్ తెరిచి చూపిస్తే మర్యాదగా చూసేది కానీ, కాగితం మీద ఉన్నదేదీ నమ్మేది కాదు. గీసినదాన్ని నేల మీద అసలు కొలతతో సుద్దతో గీయాలి, అందులో మనం నడవాలి, అప్పుడే అది డ్రాయింగు అనేది. మొదట్లో నాకు చాదస్తంగా అనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనతో తెగ వెక్కిరించేదాన్ని.

నేను హాలు చుట్టూ తిరిగి కొలిచాను. వెనక తలుపుకు ఒక్కటే మెట్టు. చిన్న ర్యాంపు చాలు, ఖర్చు తక్కువ, నిబంధనలన్నీ సరిపోతాయి. రెండు వారాల్లో గీసేశాను. హాలు కమిటీ వాళ్ళు చూసి "గ్రాండ్, గ్రాండ్" అన్నారు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది. పుస్తకం పంపడానికి ఇంకా పది రోజులు గడువుంది. ఆ ఏడాదే పరీక్ష రాసేయొచ్చని లోలోపల ఎగిరి గంతేశాను.

ఆవిడ మాత్రం గురువారం సాయంత్రం రమ్మంది. వెళ్ళేసరికి ఎక్కడినుంచో తెచ్చిన చక్రాల కుర్చీ పక్కన నిలబడి ఉంది. వాన పడుతోంది. "కూర్చో. నీ ర్యాంపు వైపు నుంచి లోపలికి రా. నేను లోపల ఉంటాను" అని మూడు మెట్లూ ఎక్కి వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూర్చుని చక్రాలు తోసుకుంటూ హాలు పక్క సందులోంచి వెళ్ళాను. చెత్త డబ్బాలు దాటాను. వెనక పెరట్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి, చక్రాలు తోస్తున్న చేతులకంతా బురద. మెట్టు మీద చెక్కపలక వేసి ఉంచింది ఆవిడ. దాని మీదుగా ఎక్కితే వంటగది. టీ కాస్తున్నామె నన్ను చూసి, "అయ్యో తల్లీ, దారి తప్పి ఇటొచ్చావా?" అంది ఎంతో ప్రేమగా. ఫ్రిజ్‌కీ బల్లకీ మధ్య ఇరుక్కుని హాల్లోకి వచ్చేసరికి అందరూ కూర్చుని ఉన్నారు, ముక్కలు పంచేశారు. నావైపు తిరిగి చూసినవాళ్ళు లేరు. ముందు గుమ్మం దగ్గర మాత్రం, వచ్చిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరిస్తున్నారు.

అక్కడ, ఆ ఫ్రిజ్ పక్కన, మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న తాపీమేస్త్రి. తెనాలి దగ్గర ఒక పెద్దింటిని పునాది నుంచి కట్టాడు. ద్వారబంధం నిలబెట్టిన రోజు పసుపు కుంకుమ పెట్టి, నాన్నకు కొత్త పంచె కూడా ఇచ్చారు. గృహప్రవేశానికి నన్నూ తీసుకెళ్ళాడు. నాకు తొమ్మిదేళ్ళు. చర్చికి వేసుకునే గౌను వేసుకున్నాను. గుమ్మంలో కాలు పెట్టబోతుంటే ఎవరో "మేస్త్రీ, మీకు దొడ్లో వడ్డిస్తున్నారు, అటు రండి" అన్నారు. "నాన్నా, ఈ గుమ్మం పెట్టింది నువ్వే కదా, ఇటే పోదాం" అన్నాను. నాన్న నా చెయ్యి పట్టుకుని, "పదమ్మా, అటైనా అన్నమే కదా" అంటూ ఇంటి చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. మా కులం వాళ్ళు అటు తిరిగే వెళ్ళాలని ఆ రోజే నాకు అర్థమైంది. ఆ ఇంటివాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. అలాంటిది, ఒక ముసలాయనకు నా చేత్తో దొడ్డిగుమ్మం గీసి, దాన్ని పుస్తకంలో సేవ అని రాసుకోబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సిగ్గు వెంటనే కోపమైంది. ఆవిడ మీదికి వెళ్ళాను. "ముందే చెప్పొచ్చు కదా?"

"చెబితే నా కోసం మార్చేదానివి" అంది నెమ్మదిగా. "చూడు, నీ డ్రాయింగులో నిబంధనల తప్పు ఒక్కటీ లేదు. కమిటీకి నచ్చింది. నువ్వు కావాలంటే ఇప్పుడే సంతకం పెడతాను, నీ గడువు దాటిపోదు. ముందు గుమ్మానికి కావాలంటే కౌన్సిల్ అనుమతి, కమిటీతో గొడవ, నెలలు పడుతుంది. నువ్వే చెప్పు."

పుస్తకం నా సంచిలోనే ఉంది. తీయాలని చెయ్యి నిజంగానే వెళ్ళింది. మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుని కమిటీ వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి, "నేను తప్పు గీశాను, మళ్ళీ గీస్తాను" అని చెప్పాను.

ఇంటికెళ్ళి చెబితే, హాస్పిటల్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన సోఫాలో కూలబడ్డాడు. "ఏంటే, మళ్ళీ ఒక ఇయర్ పోగొట్టుకుంటావా? రూల్స్ ప్రకారం ఓకే అన్నారుగా?"

"ఓకేనే. ఆయన మటుకు చెత్తడబ్బాల పక్కనుంచి రావాలి" అన్నాను. మా నాన్న సంగతి ఆయనకు తెలుసు. లేచి నాకు టీ పెట్టాడు.

ముందు గోడ వెంబడే కిటికీల కింద నుంచి వెళ్ళేలా కొత్త ర్యాంపు గీశాను. దానికి రెండు కార్లు ఆపే చోటు పోతుంది. కారు లేనిదే కాలు కదపని ఊరు అది. కమిటీ భగ్గుమంది. ఆవిడ వాదించలేదు. కార్లు ఆపే చోట ర్యాంపు మొత్తాన్ని సుద్దతో గీసింది. నడుం పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని గీసింది. వాన కడిగేసింది. తరువాతి గురువారం మళ్ళీ గీసింది. మళ్ళీ కడిగేసింది. నేను సిగ్గుపడి సుద్ద లాక్కుంటే సగం నాకిచ్చింది. మూడో వారానికి జనం ఆ గీతల మీద కార్లు పెట్టడం మానేశారు. ఎవరూ చెప్పలేదు, బోర్డూ పెట్టలేదు. అక్కడ ఒక దారి ఉందని ఒప్పుకున్నారంతే. వయసు మీదపడ్డాక నాకూ అంత ఓపిక ఉండాలని ఆ రోజు గట్టిగా కోరుకున్నాను. ఇప్పుడూ కోరుకుంటున్నాను.

అనుమతి వచ్చేసరికి నా పరీక్ష గడువు ఎప్పుడో దాటిపోయింది. బాధ పడలేదని చెబితే అబద్ధం. నా తరువాత చేరినవాళ్ళు ఆ ఏడాది పాసై ఆఫీసులో కేకు కోస్తే, ఒక ముక్క తిని బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ర్యాంపు పూర్తయిన గురువారం ఆ పెద్దాయన వచ్చాడు. సాయం చెయ్యబోయిన ఇద్దరిని ఆవిడ చూపుతోనే ఆపింది. ఆయన ఒంటి చేత్తో, ఆగి ఆగి, గోడకున్న కడ్డీ పట్టుకుని, కిటికీల్లోంచి చూస్తున్న అందరి ముందు నుంచీ తనంతట తాను వచ్చాడు. గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. లోపల్నుంచి ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచి, "ఇంత ఆలస్యమా, నీ ముక్కలు పంచేశాం" అని అరిచారు.

ఆయన మా ఇద్దరినీ చూసి, "ఇది గీసిన ఆర్కిటెక్ట్ ఎవరు?" అని అడిగాడు.

నేను ఆవిడను చూపించాను. ఆవిడ నన్ను చూపించింది.

ఈ దేశంలో లైసెన్సు చేతికి రాకుండా ఎవరూ ఆర్కిటెక్ట్ అనిపించుకోకూడదు, అది చట్టం. అందుకే కంగారుగా, "నేను కాదండీ, ఇంకా పరీక్ష రాయాలి" అన్నాను.

"చట్టం నాకు తెలుసు" అంది ఆవిడ. "ఆయన అడిగింది చట్టం గురించి కాదు."

పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "అయితే ఆర్కిటెక్టమ్మా, ఆ తలుపు వెయ్యి. చలిగాలి కొడుతోంది" అని, కుర్చీ తోసుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళి ముందు తలుపు వేశాను.