నలభై మూడో పెట్టె

సర్వే ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఒక కొండల వరుస మొత్తం పడుకుని ఉంటుంది. నిలువునా బోరు వేసి తీసిన రాతి కడ్డీలు, మణికట్టంత లావువి, రెండు వందల పన్నెండు పొడవాటి పెట్టెల్లో. వాటిని కడిగి, లోతు అంకెలు వేసి, అడిగినవాళ్లకు తీసి చూపించే ఆమెను అందరూ పెట్టెలమ్మ అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. చదివింది అయిదో తరగతి. అయినా కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు కొండల పుట్టుక చెప్పేది ఆమే.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు సార్. ముందు సున్నపు బురద పేరింది, దాని మీద ఇసుక, ఆ పైన నల్లమట్టి. అన్నీ గట్టిపడి రాళ్లయ్యాయి. తర్వాత పక్కనుంచి నేల తోసుకొచ్చింది. చాపను గోడకేసి నెడితే ముడతలు లేవవూ? ఈ కొండలూ అంతే."

అక్కడిదాకా గడగడా చెప్పి, నలభై మూడో పెట్టె దగ్గరికొచ్చేసరికి ఆమెకు దగ్గు వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే దగ్గు.

ఉద్యోగంలో చేరిన మూడో నెల. భర్త పోయాడు, చంకలో ఏడాది పిల్ల. ఆ పెట్టె కడుగుతుంటే చేయి జారి రాళ్లన్నీ నేలపాలయ్యాయి. సుద్దతో రాసిన అంకెలు నీళ్లకు చెరిగిపోయాయి. విరిగిన అంచులు ఒకదానికొకటి కలిపి చూసుకుంటూ చక్కగా పేర్చింది. చక్కగానే పేర్చింది, కాకపోతే తల ఉండాల్సిన చోట తోక పెట్టింది.

అప్పుడే వచ్చిన కుర్ర ఆఫీసరు భూతద్దం పెట్టి చూసి ఎగిరి గంతేశాడు. నీళ్లలో ఇసుక పేరినప్పుడు ముతకది కిందికి, సన్నది పైకి చేరుతుంది. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. పాత సున్నపురాయి పైన, కొత్త నల్లమట్టిరాయి కింద. పక్క పెట్టెలతో అతుకు కుదరకపోతే కొండ విరిగిన చోటు అదేనన్నాడు. ఈ కొండ ముడతపడి ఊరుకోలేదు, బోర్లా పడిందని రాశాడు. ఆ రాతతోనే కుర్ర ఆఫీసరు పెద్దసారయ్యాడు.

పాపం, ఆయనకేం తెలుసు? ఆయన గంతేసిన ఆ సాయంత్రమే ఊడుస్తుంటే పెట్టెలమ్మకు బల్లకింద ఒక రాతి పెంకు దొరికింది. దానిమీద అంకె చెరగలేదు. అతికించి చూస్తే పెట్టె చివరి రాయికి అతికింది, అంకె మాత్రం మొదటి రాయిది. దొంగలా అటూ ఇటూ చూసి పెంకును మురుక్కాలవలో పారేసింది. తర్వాత కూతురు ఏడో తరగతిలో "మన కొండ బోర్లా పడిన కొండ" అని పాఠం బట్టీపడుతుంటే, వంటగదిలో కూర్చుని వింది. వినక చస్తుందా!

ఆ కూతురే ఇప్పుడు సొరంగాల ఇంజనీరు. మొన్న సంబరంగా వచ్చి చెప్పింది: "అమ్మా, దారి ఖాయం చేశారు. మీ నలభై మూడో పెట్టె పైసగం లోతులో. గట్టి సున్నపురాయి. సోమవారం నుంచి తవ్వకం, నా చేతి కిందే."

అక్కడ ఉన్నది సున్నపురాయి కాదు. తడి తగిలితే విడిపోయే నల్లమట్టిరాయి.

మర్నాడు పెద్దసారు గదికి వెళ్లి మొత్తం చెప్పేసింది. ఆయన లేచి తలుపు మూశారు.

"రాయి అబద్ధమాడదు, పెట్టెలమ్మా."

"రాయి ఆడలేదు సార్, నేనాడాను."

"ఆ పెంకు ఏది?"

"పారేశాను."

"మరి ఇంకో బోరు వెయ్యమని ఏమని రాయను? పెట్టెలమ్మకు అనుమానం వచ్చిందనా?" ఆయన కేకలు వెయ్యలేదు. ఒంట్లో బాగోకపోతే రెండు రోజులు సెలవు పెట్టుకోమన్నారు.

సోమవారం ఉదయం కూతురు బూట్లు వేసుకుంటుంటే, పెట్టెలమ్మ తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడి పెట్టె సంగతంతా చెప్పింది. కూతురు నవ్వేసింది. ఎందుకు నవ్వదు? సొరంగం పని వద్దని మాన్పించడానికి ఈవిడ ఇదివరకే లేని గుండెనొప్పి తెచ్చుకుంది, లోపల పాములుంటాయంది. నాన్నా పులి కథే.

"ఇరవై ఆరేళ్లు నోరు విప్పనిదానివి, ఇవాళే గుర్తొచ్చిందా? అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోతే నిన్నెలా చదివించను?"

లేసు ముడి వేస్తున్న కూతురి చేయి ఆగిపోయింది.

"నమ్ముతున్నానమ్మా."

పెట్టెలమ్మకు ఏడుపొచ్చింది. "అయితే వెళ్లకు తల్లీ."

"నేను నమ్మితే పని ఆగదు. నీ మాట తప్ప ఏం చూపించను వాళ్లకి? చెప్తాను, వినరు. నేను వెళ్లకపోయినా పద్నాలుగు మంది లోపలికి దిగుతారు. పైకప్పు ఎలాంటిదో తెలిసిందాన్ని నేనొక్కదాన్నే. నేనింట్లో కూర్చుంటే, పరిగెత్తండని వాళ్లకి చెప్పేదెవరు?"

చదివించింది తనే. ఇంక ఏమనగలదు? పెట్టెలమ్మ గడియ తీసి పక్కకు జరిగింది.