మూడోసారి అడగకు

మరిగే గంజిలో చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. ఇది జరిగింది. నాకే జరిగింది. ఏమిటని మాత్రం నన్ను అడగొద్దు.

మా తాత మిల్ట్రీలో పనిచేసి వచ్చాడు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. నా చిన్నప్పుడే అమ్మ పోతే తాతే నన్ను పెంచాడు. జడ కూడా తనే వేసేవాడు... బూటు లేసు లాగినంత గట్టిగా. కళ్లలో నీళ్లొచ్చేవి. దుప్పటి మడిస్తే అంచు వంకర పోయేది కాదు.

ఒక్క అలవాటు మాత్రం ఊళ్లో ఎవరికీ లేనిది. రాత్రి తలుపు కొడితే అందరూ "ఎవరు?" అంటారు. తాత అనేవాడు కాదు. నేరుగా గడియ తీసేవాడు.

"దొంగొస్తే ఏం జేస్తవ్?" అని అవ్వ, మా నాయనమ్మ, తిట్టేది.

"దొంగైతే దొంగ. రానియ్యి."

ఎందుకని నేను ఒకసారి అడిగితే చెప్పాడు. సరిహద్దులో రాత్రి కావలి. చీకట్లో ఎవరో వస్తున్నారు. ఎవరని మూడుసార్లు అడిగాడట. జవాబు లేదు. కాల్చాడు. తెల్లారి చూస్తే గొర్లు కాసుకునే ముసలాయన. భుజాన గొంగడి, చేతిలో కర్ర.

"చెవుడంట బిడ్డా ఆయనకు" అన్నాడు తాత. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఎండాకాలం తాత చనిపోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. అన్నం, మటన్, బీడీలు అన్నీ పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు తృప్తి అయినట్టు. కాకి వచ్చింది. తీగ మీద కూర్చుంది. చూసింది... ఎగిరిపోయింది.

"రమ్ము లేనిది మిల్ట్రీ తాత ముడ్తడా? జల్దీ సీసా తెప్పియ్యుర్రి!" అన్నాడు పక్కింటి మల్లయ్య. కొందరు నవ్వారు. రమ్ము తెచ్చి పోశారు. రాలేదు.

"నాయినా, అవ్వను నేను జూసుకుంట. ముట్టు" అని చిన్నాయన దండం పెట్టాడు. రాలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చేశాం.

అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఏం కొదువైందే ఆయనకు? ఎక్కడ తిరుగుతుండో" అని అదే మాట. పడుకున్నా అదే మాట.

చిన్నాయన వాళ్లు మిద్దె మీద పడుకున్నారు. కింద అవ్వ, నేను. తాత పోయినప్పుడు తల ఉన్న చోట దీపం ఉంది. నూనె పోయడానికి లేచాను.

టక్... టక్... టక్.

తలుపు. చేత్తో కొట్టిన చప్పుడు కాదు. కర్ర మొనతో తాకినట్టు. మా వీధి కుక్కలు సైకిల్ పోయినా మొరుగుతాయి. ఒక్కటీ మొరగలేదు.

"ఎవరు?" అన్నాను.

ఏమీ లేదు.

"ఎవరూ?" గట్టిగా అన్నాను.

ఏమీ లేదు. దీపం వత్తి చిటపటమంది... అంతే. నా చెయ్యి గడియ మీద ఉంది. ఇనుము చల్లగా ఉంది. మళ్లీ నోరు తెరిచాను...

"మూడోసారి అడగకు!"

అవ్వ. మంచం మీద లేచి కూర్చుంది.

"తలుపు తియ్యి. మీ తాత ఉంటే తియ్యకపోవునా?"

తీశాను.

ఎవరూ లేరు. రోడ్డు దాకా తెల్లటి వెన్నెల. కానీ వాసన... తడిసిన గొంగడి వాసన. వాన పడి నెలలైంది. మా వాడలో గొర్లు ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

అవ్వ గోడ పట్టుకుని వంటింట్లోకి పోయింది. తను తినని అన్నం ఇస్తరాకులో పెట్టుకుని వచ్చింది. గడప బయట పెట్టింది. పక్కన చెంబుతో నీళ్లు. రోడ్డు వైపు తిరిగి అంది:

"అన్నా, ఇంత తిని పో. మా ఆయన మీద మనసుల ఏం పెట్టుకోకు."

తలుపు దగ్గరకు వేశాను. గడియ పెట్టనివ్వలేదు అవ్వ. ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. దీపంలో నూనె తగ్గుతూ వచ్చింది. తర్వాత... గుటక. నీళ్లు తాగుతున్న గుటక. ఒకటి... ఆగి... ఇంకొకటి. ఆ తర్వాత కర్ర చప్పుడు రోడ్డు వైపు పోయింది. దాంతోపాటు ఇంకెవరివో బూటు అడుగులు కూడా విన్నట్టు అనిపించింది. ఖచ్చితంగా చెప్పలేను.

అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తాత పోయాక ఆమె నిద్రపోవడం అదే మొదలు.

తెల్లారి చిన్నాయన చూసి, "కుక్క తిన్నట్టుంది" అన్నాడు. అయి ఉండొచ్చు. చెంబు ఖాళీగా ఉంది. ఆకు మాత్రం భోజనం చేసిన మనిషి మడిచినట్టు, తన వైపుకు మడిచి ఉంది. గాలికి అలా మడతపడుతుందా? ఏమో... నేను విప్పి చూడలేదు. ఇద్దరు తిన్నారా, ఒక్కరే తిన్నారా, అసలు ఎవరైనా తిన్నారా... నాకు ఇప్పటికీ తెలియదు.