దారిని పక్కకు జరిపిన మా తాత

భూమి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా కొండను కదిలించిన మొనగాడు మా తాత అస్సాఫ్ ఒక్కడే. ఈ మాట మా ఊరి చర్చి గంట మీద చెయ్యి వేసి చెప్పగలను. ఆయన కదిలించింది కొండను కాదు, కొండమీది దారిని అని మా ఊరివాళ్లు సవరించబోతారు. అది వాళ్ల కడుపుమంట.

మా తాతకు నిలకడ లేదు. కాఫీ నిలబడే తాగుతాడు. రొట్టె చేత్తో పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ తింటాడు. ఆయన పెళ్లి ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. అందులో మా అవ్వ చక్కగా కనిపిస్తుంది. పక్కన నల్లసూటు తొడుక్కున్న పొగలాంటిది ఒకటి ఉంటుంది.

అలాంటి మనిషి చేతికి మా అడవి కమిటీ పసుపురంగు డబ్బా ఇచ్చింది. నన్నడిగితే అసలు తప్పు అక్కడే జరిగింది.

మా ఊరి నెత్తిన సిందియాన్ అనే ఓక్ చెట్ల అడవి ఉంది. అది ఊరందరి ఉమ్మడి సొత్తు. రాయి తవ్వే కంపెనీ ఒకటి దానిమీద కన్నేసింది. అక్కడ మనుషులు తిరగరు, నక్కలు తప్ప ఎవరికీ పనికిరాదు, మాకివ్వండి అని జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. అందుకని వదాద్ టీచరు కమిటీ కట్టింది. కొండ మీదికి నడకదారి వేద్దాం, రాళ్ల మీద, మానుల మీద పసుపు చారలు గీద్దాం, ఆదివారాలు బేరూత్ నుంచి నడిచేవాళ్లు వస్తారు, మనుషులు తిరిగే అడవిని ఎవడు తవ్వుతాడో చూద్దాం అంది. టీచరు పట్టుబడితే ఓడిపోవడం ఉండదు. ఆమె ఓడిన యుద్ధం ఒక్కటే, నాకు ఎక్కాలు నేర్పడం. ఎనిమిదో తరగతిలో ఆమె చేతులెత్తేసింది, నేను రొట్టెల బట్టీలో చేరాను.

దారి వేశారు. చారలు గీసే పని తాతది. టీచరు పటం గీసి, అచ్చు వేయించి, బడి గోడకు అతికించింది. మరుసటి వారం పటం పట్టుకుని కొండెక్కితే దారి కనపడలేదు.

"దారేదీ, అబూ ఘాలిబ్?" అని అడిగింది. అబూ అంటే తండ్రి, ఘాలిబ్ మా నాన్న. ఆయన పుట్టడమే మా తాతకు బిరుదైంది.

"అక్కడే ఉంది. కాస్త ఎడమకి."

"ఎందుకు జరిపారు?"

"కందిరీగలు."

రెండో పటం అచ్చయ్యేసరికి దారి ఇంకో ఇరవై అడుగులు ఎడమకి పోయింది. జారుడు రాయి ఉందన్నాడు. మూడోసారి ముళ్లపంది కాపురం పెట్టిందన్నాడు. ఏ సాకూ తోచనప్పుడు, "అక్కడ వాలు ఎక్కువ, మోకాళ్లు పోతాయి" అనేవాడు. ఇంకొకళ్ల మోకాళ్ల గురించి ఆయన బాధపడటం ఊళ్లో ఎవరూ ఎరగరు. రెండేళ్లు ఇదే వరస. పాతచారలు గీకేయడం, కొత్తవి గీయడం. ఆయన చొక్కాలన్నీ పసుపయ్యాయి. ఒకసారి మా మేక కూడా అయింది. ఆ ఆదివారం బేరూత్ నుంచి వచ్చిన ముగ్గురు మేక వెంట నడిచి మా పెరట్లో తేలారు.

"నాలుగో పటం మాత్రం గీయను. దారే నా పటం దగ్గరికి రావాలి" అని టీచరు శపథం పట్టింది.

అడవి అంచున, ఎడమవైపు చివర, ఒకే ఒక ఇల్లుంది. అది జబ్బూర్‌ది. చిన్నప్పుడు ఆయనదీ మా తాతదీ ఒకే కంచం. పదకొండేళ్ల కిందట తావ్లా అనే పాచికలాట ఆడుతుంటే ఒక పాచిక బల్ల కింద పడింది. అది ఆరు అని ఒకడు, కాదు రెండు అని ఇంకొకడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. మూడేళ్ల కిందట జబ్బూర్ ఆలివ్ కొమ్మలు కత్తిరిస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఇక ఆయనకు చక్రాల కుర్చీ, కిటికీ, అంతే. ఆ కబురు చెబితే మా తాత, "నిచ్చెనకేం కాలేదు కదా?" అన్నాడు.

ఎడమకి ఎడమకి జరిగి జరిగి దారి కిందటేడు జబ్బూర్ కిటికీ ముందుకే వచ్చింది. అప్పుడు ఊరికి సంగతి అర్థమైంది. పగ. ఆదివారం పూట ముసలాయన కిటికీ కింద బేరూత్ జనం కేకలు వేస్తూ, కుక్కల్ని లాక్కుంటూ పోవాలని పన్నాగం. పాచిక కోసం ఇంత దూరం దారి లాక్కొచ్చాడంటే మాటలా అని కాఫీ కొట్టులో మెచ్చుకున్నారు కూడా. నేనూ మెచ్చుకున్నాను.

ఇంతలో జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అధికారి వస్తాడు, పటం ప్రకారం దారి నడిచి చూస్తాడు. దారి ఉంది, జనం వాడుతున్నారు అని రాస్తే అడవి ఊరికి. లేదని రాస్తే కంపెనీకి.

టీచరుకు చెమటలు పట్టాయి. కమిటీ అంతా పోయి తాత చారలన్నీ గీకేసి, పటంలో ఉన్నట్టు కుడివైపు వాగు వెంట మళ్లీ గీసింది. తాత చేత మీసాల మీద ఒట్టు వేయించారు. ఆ వారం రోజులూ నన్ను వాకిట్లో కాపలా పెట్టారు. అధికారి వచ్చే రోజు తెల్లవారుజామున కూడా నేను వాకిట్లోనే ఉన్నాను, మెలకువగానే ఉన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి వెనక కిటికీలోంచి దూకి పోతాడని ఏ కమిటీ ఊహిస్తుంది చెప్పండి?

అధికారి పేరు రాజీ. ఆకుపచ్చ టోపీ, మాట తక్కువ. జబ్బూర్ ఇంటికి కాస్త ఇవతల దారి రెండుగా చీలే చోట ఆగి, పటం చూశాడు. కుడివైపు పటంలో దారి ఉంది, కొండమీద మాత్రం నడుమెత్తు ముళ్లపొదలు ఉన్నాయి, చారలు ఒక్కటీ లేవు. ఎడమవైపు పటంలో ఏమీ లేదు, కొండమీద మాత్రం పసుపు చారలు మిలమిలలాడుతున్నాయి. ఆయన ఒక చారను వేలితో తాకాడు. వేలు పసుపైంది.

"ఇంకా ఆరలేదు" అన్నాడు.

టీచరు మా తాత వైపు చూసింది. తాత ఆకాశం వైపు చూశాడు.

"కంపెనీవాళ్లు రాసిచ్చింది ఇదే. ఇక్కడ జనం నడిచే దారి లేదు, నా కోసం గీసిన గీతలున్నాయి" అని అధికారి కాగితాల సంచి మూయబోయాడు. నాలుగేళ్ల కష్టం ఆ సంచిలోకి వెళ్లిపోతోంది. టీచరు మొహం నేను ఎక్కాలు అప్పజెప్పిన రోజుల్లోలాగా అయింది.

అప్పుడు కిటికీలోంచి జబ్బూర్ గొంతు వినిపించింది. "నడిచేదుంటే నడవండి, లేదా పక్కకు జరగండి. లెక్క తప్పుతోంది."

"ఏం లెక్క?" అన్నాడు అధికారి.

దగ్గరికి పోయి చూస్తే కిటికీ అరుగు మీద వరసగా ఆలివ్ ఊరగాయ సీసాలు. పన్నెండు. ఒక్కోదానికి ఒక్కో నెల పేరు అంటించి ఉంది. లోపల టోపీలు పెట్టుకున్న సిందియాన్ కాయలు. కిటికీ ముందు నుంచి ఒక మనిషి నడిస్తే ఒక కాయ.

అధికారి నమ్మలేదు. కాయలు ఎవరైనా నింపొచ్చు కదా అన్నాడు.

"ఏప్రిల్ సీసాలో నువ్వూ ఉన్నావు బాబూ" అన్నాడు జబ్బూర్. "ఇదే టోపీ. ఒక్కడివే వచ్చావు. ఆ రాయి మీద కూర్చుని రెండు ఉడకేసిన గుడ్లు తిని, పెంకులు అక్కడే పారేశావు. అందుకే నీకు సగం కాయే వేశాను."

సీసా బోర్లించాడు. కుప్పలో ఒకటే ఒక సగం కాయ ఉంది. అధికారి చెవులు ఎర్రబడ్డాయి. తాను ఏప్రిల్‌లో చెప్పకుండా వచ్చి చూసిపోయిన సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. సంచి మళ్లీ తెరిచి, కిటికీ అరుగు మీదే పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఓ పక్కనున్న పెద్ద జాడీ చూశాడు. దాని నిండా గులకరాళ్లు.

"ఇవెవరు?"

"అదిగో, ఆ అస్సాఫ్. వాణ్ని మనుషుల్లో కలపను. రోజుకు నాలుగుసార్లు పోతాడు. ఎండైనా మంచైనా, మేఘాలు చూస్తున్నట్టు మొహం పైకెత్తుకుని."

"మరి ఈ నెల సీసా ఖాళీగా ఉందేం?"

"నెల మొదలై వారమే. ఈ వారం దారి తీసేశారుగా. ఎవరూ రాలేదు." జబ్బూర్ జాడీని తన వైపు లాక్కున్నాడు. "జాడీలో రాళ్లు మాత్రం పడ్డాయి."

నాకు ఎక్కాలు రావుగానీ ఈ లెక్క మాత్రం అక్కడికక్కడే తేలింది. నడవలేనివాడు దారి దగ్గరికి రాలేడు. అందుకని తాత దారినే లాక్కొచ్చాడు, రెండేళ్లపాటు, ఇరవై అడుగుల చొప్పున, కందిరీగల మీదా ముళ్లపంది మీదా నెపం పెట్టి. నేను తాత వైపు తిరిగేసరికి ఆయన అక్కడ లేడు. కొండ మీద చాలా పైకి పోయాడు.

శీతాకాలానికి అడవి ఊరిదేనని కాగితం వచ్చింది. రాజీ గీసిన పటం కూడా దానితో వచ్చింది. దారి జబ్బూర్ కిటికీ ముందు నుంచే పోతుంది. ఇకమీదట జిల్లా ఆఫీసు సంతకం లేకుండా దాన్ని అంగుళం కూడా కదపకూడదని అడుగున రాసి ఉంది. టీచరు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి మా ఇంటి తలుపుకు అతికించింది. తాత ఇప్పుడు మా వంటింటి బల్లను జరుపుతున్నాడు. ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. పాచిక సంగతి తేలలేదు కదా.

ఇదంతా రాసి నిన్న ఆయనకు చదివి వినిపించాను. బల్ల చుట్టూ తిరుగుతూ విన్నాడు. అయిపోయాక, "ఎలా ఉంది తాతా? తప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"ఒకటుంది. నాలుగు కాదు, ఐదుసార్లు" అన్నాడు. "మధ్యాహ్నం వాడు నిద్రపోతాడు."