పద్మ పాఠంలో మా నాన్న గొంతు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. టెక్కలి దగ్గర బడిలో లెక్కలు చెబుతాను. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను. ఇది మాత్రం నా చెవులతో విన్నాను.

కిందటి వేసవిలో ఎనిమిదో తరగతికి ఆన్‌లైన్ పాఠం తయారు చేశాను. వడ్ల రాశి, కుంచం బొమ్మలు గీసి, కొలత మీద అనుపాతం లెక్కలు కట్టాను. సెలవులన్నీ దానికే పోయాయి. జిల్లా ఎంపికకు పంపేముందు ఒకసారి చూడమని పద్మకిచ్చాను. మా బడిలోనే పనిచేస్తుంది, ఒకే కంచంలో తిన్నవాళ్లం. నా గొంతు తీసేసి తన గొంతు పెట్టి, తన పేరుతో పంపేసుకుంది. అదే ఎంపికైంది.

ఆ సంగతి నాకు తెలిసింది హెడ్మాస్టరు గదిలో, అందరితోపాటు టీవీలో పాఠం చూస్తున్నప్పుడే. నా బొమ్మలు, నా లెక్కలు.

వడ్ల రాశి రాగానే పద్మ గొంతు ఆగింది. ఎవరో ముసలాయన కొలుస్తున్నాడు.

"లాభం... రెండు... మూడు..."

మా కళ్లాల్లో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పిల్లలు తికమకపడతారని నేను నా పాఠంలో ఒకటి అనే చెప్పాను. పైగా రెండు తర్వాత చిన్న దగ్గు. అది కళ్లంలో వడ్లు కొలిచేటప్పటి మా నాన్న గొంతు. ఇంట్లోకి సెల్‌ఫోన్ రాకముందే పోయాడాయన. ఆయన గొంతు ఎక్కడా రికార్డయి లేదు.

పాఠం నాదని, గొంతు మా నాన్నదని అక్కడే చెప్పాను. పద్మ తొణకలేదు.

"ఏటి వదినా అలగంటన్నావు? మీ నాన్నదైతే నీ దాంట్లోనూ ఉండాల కదా."

నా ఫోన్లో పాఠం పెట్టాను. కుంచం లేచింది, నా గొంతు ఒకటి అంది. ముసలాయన లేడు.

"ఆ కొలత నచ్చే కదమ్మా ఆవిడది తీసుకున్నారు," అన్నాడు హెడ్మాస్టరు. "నీ దాంట్లో అదే లేదు. ఎవరిది సూసి ఎవరు సేసినట్టు?"

సాయంత్రం మా అమ్మకు ఆ గొంతు సంగతి చెప్పకుండా పద్మ పాఠం వినిపించాను. రెండో కుంచానికే కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ నానేనే. కన్నకూతుర్ని ఒగ్గేసి దానికెందుకు కొలిసి పెడతన్నాడే?"

మర్నాడు బస్టాపులో పద్మే నా పక్కకొచ్చి, మెల్లగా అడిగింది.

"నిజం సెప్పు వదినా, ఆ గొంతు నువ్వు పెట్టలేదా? నేనైతే పెట్టలేదు."

బస్సు రాగానే ఎక్కేశాను. ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టలేదు. పద్మనైతే ద్రోహి అని తిట్టుకుంటాను, మా నాన్నను ఏమనుకోను? అప్పుడప్పుడు నా పాఠం పెట్టి, రాశి దగ్గర ఫోను చెవికి ఆనించుకుంటాను. నా గొంతు తప్ప ఏమీ ఉండదు.